గంజి పెట్టిన రేడియో

చౌడేశ్వరి ఏడ్చి ఉంటే వెంకటరావమ్మకు అంత భయం వేసేది కాదు. ఆ పిల్ల నవ్వింది.

బెజవాడ వన్‌టౌనులో కొండ దిగువన సాలెవాళ్ళ వీధి. ఆ మధ్యాహ్నం వెంకటరావమ్మ వీధిలో పడుగు నూలు సాచి, పొద్దున పెట్టిన గంజి ఆరిందో లేదో వేళ్ళతో చూసుకుంటోంది. ఇంట్లో టప్‌మని శబ్దమైంది. వెంటనే ఏదో పడ్డ చప్పుడు. ఆమె కొంగు దోపుకుని లోపలికి పరిగెత్తింది.

మగ్గాల గదిలో స్టూలు బోర్లా పడి ఉంది. దాని పక్కన మనవరాలు కాళ్ళు చాపుకుని కూర్చుని, కుడిచేతి వేళ్ళు తిప్పి తిప్పి చూసుకుంటోంది. హోల్డరులో ఉండవలసిన బల్బు పిల్ల ఒళ్ళో ఉంది. నూలు కత్తిరించే కత్తెర కొన మాడి గోడ వారన పడి ఉంది.

"కరెంటుకి పళ్ళున్నాయి నానమ్మా! కొరికింది," అని నవ్వింది చౌడేశ్వరి.

వెంకటరావమ్మ ముందు పిల్ల ఒళ్ళంతా తడిమింది. వేళ్ళు లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయని తేలాక వీపు మీద ఒకటి వేసింది. ఆ తరవాత అక్కడే చతికిలబడి, పిల్లను దగ్గరకు లాక్కుని, తన గుండె కుదుటపడే దాకా వదల్లేదు.

సత్యం, సుబ్బరత్నం దంపతులకు ఆ పిల్ల ఒక్కతే సంతానం. పదకొండో ఏడు. కొడుకూ కోడలూ చెరో మగ్గం మీద కూర్చుంటే పిల్ల ఆలనా పాలనా వెంకటరావమ్మ చూసేది. అది చేతికందిన ప్రతి వస్తువునూ విప్పుతుంది. విప్పినవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాస్తుంది. టార్చిలైటు బల్బు, పని అయిపోయిన బ్యాటరీలు, ఒక అయస్కాంతం, సైకిలు బెల్లులో సగం, మేనమామ గడియారం లోపలి పళ్ళ చక్రం. ఆ గడియారం అప్పటి నుంచీ మేనమామ చేతికి లేదు. అది వేరే గొడవ.

సాయంత్రం సత్యం వెళ్ళి సొలొమోనును తీసుకొచ్చాడు. సొలొమోను వాళ్ళది పక్క వీధి. యుద్ధంలో మిలిటరీ వైర్‌లెస్‌లో పనిచేసి వచ్చి, ఇప్పుడు గవర్నరుపేటలో రేడియోలు బాగుచేస్తున్నాడు. అతను ఫ్యూజు వేసి, హోల్డరు చూసి, స్టూలు చూసి, చివరికి పిల్లను చూశాడు.

"చెక్క స్టూలు, పొడి కాళ్ళు. బతికిపోయిందండీ పెద్దమ్మగారూ. అదే తడి నేల మీద నిలబడి ఉంటే..." అని ఆ మాట అక్కడే ఆపేశాడు.

అతను ఆపిన మాటను వెంకటరావమ్మ మనసులో పూర్తి చేసుకుంది. గూట్లోంచి బిస్కెట్ల డబ్బా తీసి అతని ముందు పెట్టింది.

"ఇదిగో అబ్బాయీ, పోతా పోతా దీన్ని ఏలూరు కాలవలో పడేసి పో. ఇహ ఈ ఇంట్లో తీగ అన్నది నా కంటికి కనపడకూడదు."

తలుపు వెనక నుంచి చౌడేశ్వరి డబ్బా వైపు చూసింది. ఆ మధ్యాహ్నం కరెంటు కొరికినా ఏడవని పిల్ల కళ్ళల్లో ఇప్పుడు నీళ్ళు తిరిగాయి.

"అట్టాగేనండీ," అన్నాడు సొలొమోను. "మరి హోల్డరు గోడకే ఉంటుంది గదా? దాన్నేం చేద్దాం?"

"పీకెయ్."

మగ్గం గుంటలోంచి సత్యం తల ఎత్తాడు. "అమ్మా, లైటు లేకపోతే పొద్దుగూకాక పోగు కనపడదే."

"నువ్వు పుట్టినప్పుడు కరెంటుందిరా? నెయ్యలేదూ?"

"పుట్టగానే నెయ్యలేదులే."

సుబ్బరత్నం అవతలి మగ్గం మీద తల వంచుకుని నవ్వు దాచుకుంది.

సొలొమోను డబ్బా మూత తీసి చూశాడు. గడియారం చక్రాన్ని వేలితో తిప్పాడు. "పెద్దమ్మగారూ, నా మాట వినండి. కరెంటు ఎక్కడుంటదో చూడాలనుకుంది పిల్ల. ఇప్పుడు వద్దంటే మానదు. మీరు పక్కకెళ్ళినప్పుడు చూస్తది. దానికన్నా మీ ఎదురుగా కూర్చుని చేసుకునేది ఏదన్నా ఇద్దాం."

"ఏమిస్తావు? ఇంకో కత్తెరా?"

"రేడియో. కరెంటు లేంది. బ్యాటరీ కూడా అక్కర్లేదు. కొరకడానికి దాంట్లో ఏమీ ఉండదండీ. ఇప్పుడు మన ఊళ్ళోనే స్టేషను పెట్టారు గదా, ఆ పాట గాల్లోంచి వచ్చినంత బలమే చాలుద్ది."

వెంకటరావమ్మ అతని మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నట్టు లేదు. "కరెంటు లేకుండా నీ రేడియో పాడితే, నూలు లేకుండా నేను చీర నేస్తా."

"అయితే పందెమా?"

"పందెమే. ఆదివారం దీపాలు పెట్టేలోగా అది మాట్లాడిందా, డబ్బా గూట్లో ఉంటది. మాట్లాడలేదా, డబ్బా కాలవలో ఉంటది. నా మనవరాలు మళ్ళీ తీగ పట్టుకోదు. నువ్వూ తెచ్చివ్వవు."

తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది. "ఊరికే మాట్లాడితే చాలా నానమ్మా? ఏం మాట్లాడాలో అది కూడా చెబుతావా?"

"చూశావా నోరు! కరెంటు దీన్ని కొరికిందో, ఇదే కరెంటును కొరికిందో!"

సొలొమోను పిల్లను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. గోడలో ఉన్న దాని జోలికి వెళ్ళకూడదన్నాడు. తడి చేత్తో దేన్నీ తాకకూడదన్నాడు. ఏ తీగ పట్టుకోవాలన్నా ముందు నానమ్మను అడగాలన్నాడు. "అర్థమైందా తల్లీ?"

"అన్నీ నానమ్మను అడగాలా? ఆవిడకేం తెలుసు?"

"ఆవిడకి నువ్వు తెలుసు. అది చాలు."

మర్నాడు అతను యుద్ధం తరవాత వేలం వేసిన మిలిటరీ సామానులోంచి కొన్ని ముక్కలు తెచ్చాడు. మిణుకుమిణుకుమనే సీసపు రాయి ఒకటి, దానికి ఆనించడానికి సన్నటి ఇత్తడి తీగ, తెల్లటి దారం చుట్టిన రాగి తీగ ఒక చుట్ట. రేడియో వినడానికి చెవులకు పెట్టుకునేవి శనివారం ఇస్తానన్నాడు. వాటిలో ఒక చెవి పలకడం లేదట, చూడాలట.

"ఈ సన్న తీగను మిలిటరీలో పిల్లి మీసం అనేవాళ్ళండీ," అన్నాడు వెంకటరావమ్మతో.

ఆవిడ ఇంట్లో పిల్లిని ఎత్తుకుని వంటింట్లోకి పోయి తలుపు గడియ పెట్టింది. "అడిగితే ఇస్తామనుకున్నావేమో. దాని మీసం దానికుండనీ," అని లోపలి నుంచి కేకేసింది.

రాగి తీగను వెదురు బొంగు మీద చుట్టాలి. చుట్టు మీద చుట్టు పడకూడదు, చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు ఉండకూడదు. సొలొమోను అది ఎలాగో చెప్పబోతే చౌడేశ్వరి అప్పటికే బొంగును రాట్నం కదురుకు తగిలించి కూర్చుంది. నడవడం వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆ పిల్ల చూస్తున్నది నూలు కండెలు చుట్టడమే. తీగ వేళ్ళ సందునుంచి జారుతూ వచ్చి బొంగు మీద వరసగా పడింది. సొలొమోను రాయి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

వెంకటరావమ్మ పడుగు కోసం ఆసు మీద నూలు పోస్తూ ఓరకంట చూసింది. చుట్టు బాగానే ఉంది. అయితే తీగ మీది దారం పాతది. నూగు లేస్తోంది. పైగా చుట్టు నిలవడం లేదు. రాట్నం మీద నుంచి తీసిన కాసేపటికి కొసన వదులై, చుట్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. పిల్ల విప్పుతుంది, మళ్ళీ చుడుతుంది. మర్నాడు చూస్తే మళ్ళీ అంతే.

"దీనికి లక్క పూయాలండీ. వచ్చే వారం తెస్తా," అన్నాడు సొలొమోను.

"వచ్చే వారమా? పందెం ఆదివారంతో సరి," అంది వెంకటరావమ్మ.

మిగతా పని డాబా మీద. పడుగు సాచే గుంజలు రెండు నిలబెట్టి, వాటి మధ్య పొడుగాటి తీగ లాగారు. తీగ గుంజకు తగలకుండా పగిలిన ఊరగాయ జాడీ చెవులు కట్టారు. వీధి కరెంటు తీగలకు దూరంగా, పెరటి వైపున. ఆకాశం ఉరిమితే చెవులకు పెట్టుకున్నవి తీసేసి, డాబా తీగను రేడియో నుంచి విప్పి నేలలోకి దిగే భూమి తీగకు కలపాలని సొలొమోను పిల్ల చేత చేయించి చూపించాడు. భూమి తీగ కోసం ఇనప ఊచను గంజినీళ్ళు పారే చోట దిగ్గొట్టాడు. అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది.

"ఓహో, నీ రేడియోకి కూడా గంజినీళ్ళు కావాలా?" అంది వెంకటరావమ్మ.

ఆ వారం అంతా పిల్ల ఆవిడను వదల్లేదు. స్క్రూ తిప్పే ముందు వచ్చి, "నానమ్మా, ముట్టుకోనా?" అంటుంది. తీగ కొస గీకే ముందు వచ్చి, "నానమ్మా, ముట్టుకోనా?" అంటుంది. ఒకసారి ఆవిడ స్నానం చేస్తుంటే తడిక అవతల నిలబడి అడిగింది.

"ముట్టుకోవే తల్లీ, నా ప్రాణం తియ్యకుండా!"

శనివారం మధ్యాహ్నం దాటాక సత్యం పిల్లను తీసుకుని గవర్నరుపేట వెళ్ళాడు, చెవులకు పెట్టుకునేవి తేవడానికి. సుబ్బరత్నం పుట్టింటి వాళ్ళను చూడటానికి వెళ్ళింది. ఇంట్లో వెంకటరావమ్మ ఒక్కతే ఉంది. కిటికీలో తీగ చుట్టిన బొంగు ఉంది. కొస మళ్ళీ వదులైంది.

ఆవిడ దాన్ని తాకలేదు. ఆసు దగ్గరకు పోయింది. తిరిగి వచ్చింది. నూగు లేచిన దారం అలా కళ్ళ ముందు ఉంటే చేతికి పని తోచడం లేదు. పందెం సంగతి పందెం సంగతే. రేపు ఆ రేడియో మూగదైతే ఆవిడకు సంతోషమే. కానీ చూడటానికి వచ్చిన వాళ్ళు ఆ చుట్టు చూసి ఏమంటారు? వెంకటరావమ్మ ఇంట్లో నూలు ఇట్లా నూగు లేచి ఉంటుందా అనరూ? నూలు నూలే. లోపల రాగి ఉంటే ఏం, ఇంకేం ఉంటే ఏం.

పొద్దుటి గంజి గిన్నెలో అడుగున మిగిలింది ఉంది. పలచన చేసి, కుంచె ముంచి, చుట్టు పొడుగునా పట్టించింది. నూగు అణిగింది. కొస అతుక్కుంది. చుట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కూర్చున్నాయి. ఎవరూ చూడకుండా ఆవిడ మురిసింది. గాలికి ఆరుతుందని తిరిగి కిటికీలో పెట్టింది. అప్పటికి ఎండ ఆ కిటికీని దాటిపోయింది.

ఆదివారం పొద్దున సొలొమోను చర్చికి వెళ్ళే బట్టలతోనే వచ్చాడు. వీధిలో వాళ్ళు కొందరు వాకిట్లో చేరారు. చౌడేశ్వరి బొంగును చూసి, "బాబాయ్, ఇవాళ కొస ఊడలేదు!" అంది. సొలొమోను కూడా చూసి, మంచిదన్నాడు. వెంకటరావమ్మ పడుగు కర్రలు సర్దుకుంటోంది.

డాబా తీగ తగిలించారు. భూమి తీగ తగిలించారు. పిల్ల చెవులవి తగిలించుకుని, పిల్లి మీసాన్ని రాయి మీద ఒక చోట ఆనించింది. ఏమీ లేదు. ఇంకో చోట ఆనించింది. ఏమీ లేదు. సొలొమోను తన చెవులకు పెట్టుకున్నాడు. డాబా తీగ, భూమి తీగల కొసలు మళ్ళీ గీకాడు. ఊచ కదిపి చూశాడు. డాబా ఎక్కి దిగాడు.

"స్టేషనులో వాళ్ళు ఇంకా నిద్ర లేవలేదేమో," అన్నారు వాకిట్లోంచి ఎవరో.

"ఆదివారం గదా, సెలవు," అన్నారింకొకరు.

చర్చి గంట వినిపించింది. సొలొమోను చేతులు తుడుచుకున్నాడు. "సాయంత్రం వస్తానండీ. నాకైతే ఏమీ తోచడం లేదు," అని వెళ్ళిపోయాడు. వాకిట్లో వాళ్ళూ వెళ్ళిపోయారు.

చౌడేశ్వరి వెళ్ళలేదు. ఏడవనూ లేదు. డాబా మీది నుంచి మొదలుపెట్టి తీగ వెంట వేలు పెట్టుకుంటూ వచ్చింది. పడుగులో తెగిన పోగు వెతికేటప్పుడు వెంకటరావమ్మ చేసేది అదే. ఒక కొస నుంచి మొదలుపెట్టాలి, మధ్యలో దూకకూడదు. పిల్లకు అది ఎవరూ నేర్పలేదు. వేలు కిటికీ దాకా వచ్చి బొంగు దగ్గర ఆగింది. పిల్ల వెనక్కి తిరిగింది.

"నానమ్మా, దీన్ని ముట్టుకోనా?"

ఓడిపోతున్న పందెంలో, తామిద్దరే ఉన్న గదిలో, కరెంటే లేని తీగ కోసం కూడా పిల్ల అడిగింది. వెంకటరావమ్మ దగ్గరకు వచ్చి తనే ముందు బొంగును పట్టుకుంది. చల్లగా తగిలింది. వేళ్ళకు జిగురు అంటింది.

పచ్చి.

ఆవిడకు అప్పుడు అర్థమైంది. పొద్దు తిరిగాక గంజి పెట్టకూడదు. వీధిలో ఎవరి కోడలు ఆ పని చేసినా గుమ్మం దగ్గర నిలబడి తిట్టేది తనే. పచ్చి పడుగును మగ్గానికి ఎక్కిస్తే మగ్గం నడవదు. మరి రేడియో మాత్రం ఎట్లా నడుస్తుంది?

నోరు మూసుకుంటే చాలు. దీపాలు పెట్టే వేళకు డబ్బా కాలవలో ఉంటుంది. ఇంట్లో తీగ ఉండదు. పిల్ల క్షేమంగా ఉంటుంది. ఆవిడ కోరుకున్నది అదే. ఆవిడ హోల్డరు వైపు చూసింది. అది గోడ మీదే ఉంది. రేపూ ఉంటుంది. డబ్బా పోయిన పిల్ల దాని దగ్గరకు వెళితే, "ముట్టుకోనా?" అని ఎవరినీ అడగదు. అడగడానికి ఇక ఏమీ మిగలదు.

"ఏం నానమ్మా?"

"దీనికి ఎండ కావాలే."

"రేడియోకి ఎండెందుకు?"

"నిన్న గంజి పెట్టా."

చౌడేశ్వరి బొంగును వాసన చూసింది. నానమ్మను చూసింది. "రేడియోకి గంజి పెట్టావా?"

"నూగు లేస్తుంటే చూస్తా ఊరుకోమంటావా?"

"నన్నడగలేదే!"

వెంకటరావమ్మ కొంగు దోపుకుంది. బొంగు తీసుకుని డాబా ఎక్కింది. ఎండ పడే చోట దాన్ని నిలబెట్టి, పక్కన తనూ కూర్చుంది. పూట పూటంతా నీడ జరిగినప్పుడల్లా బొంగు జరిపింది. కాకి వాలితే తోలింది. భోజనానికి పిలిస్తే ఇక్కడికే తెమ్మంది. అన్నం తింటూ కూడా ఎడమచేత్తో బొంగు తిప్పింది. పక్క డాబా మీద నుంచి ఎవరో, "ఏందమ్మా, అప్పడాలా?" అని అడిగారు.

"రేడియో," అంది వెంకటరావమ్మ.

సొలొమోను వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చౌడేశ్వరి జరిగింది చెప్పింది. అతను మొహం అటు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. బొంగును గోటితో మీటి చూశాడు. లక్క పూసినట్టే బిగిసింది. "మిలిటరీలో ఈ సంగతి తెలీక లక్కకు బోలెడు తగలేశారండీ," అన్నాడు.

తీగ కొసల మీద గంజి పొర కట్టింది. చౌడేశ్వరి అడిగింది, నానమ్మ సరేనంది, పిల్ల పొర గీకేసింది. తీగలు తగిలించి, చెవులకు పెట్టుకుని, పిల్లి మీసాన్ని రాయి మీద ఆనించింది. జరిపింది. మళ్ళీ జరిపింది. ఒక్కసారిగా చెయ్యి పైకెత్తి, ఎవరూ కదలొద్దన్నట్టు వేలు చూపించింది. పోగులు లెక్కపెట్టేటప్పుడు వెంకటరావమ్మ అట్లాగే వేలెత్తుతుంది.

ఎవరూ కదల్లేదు. పిల్ల మొహమే చెప్పింది.

చెవులకు పెట్టుకునేది తీసి నానమ్మ తలకు తగిలించింది. వెంకటరావమ్మ కళ్ళు మూసుకుంది. చాలా దూరంలో, గోడ అవతల ఏదో మోగుతున్నట్టు ఉంది.

"ఏమంటోందే అమ్మా?" అని సత్యం అడిగాడు.

"ఉండరా. ఎవరో వీణ వాయిస్తున్నారు." కాసేపు విని, "అదీ తీగేగా," అంది.

"ఇక ఇయ్యి, మేమూ వింటాం."

"ఉండమంటుంటే!"

ఎంతసేపటికీ ఆవిడ తియ్యలేదు. సుబ్బరత్నం దీపాలు పెట్టే వేళైందని గుర్తుచేసింది. చివరికి సొలొమోను ఒక గిన్నె అడిగాడు. వంటింట్లో ఖాళీగా దొరికింది గంజి గిన్నె. సుబ్బరత్నం దాన్ని కడిగి తెచ్చింది. అతను గిన్నె అడుగున చెవులవి పెట్టాడు. ఇత్తడి గిన్నెలోంచి వీణ పైకి వచ్చింది. అందరూ గిన్నె చుట్టూ తలలు వంచి కూర్చున్నారు. పిల్లి కూడా వచ్చింది. వెంకటరావమ్మ దాన్ని వెనక్కి లాగింది.

డబ్బా గూట్లోకి వెళ్ళింది. హోల్డరుకు అందేంత ఎత్తు స్టూలు మాత్రం సత్యం అటక మీదికి ఎక్కించాడు. అది పందెంలో లేని మాట. చౌడేశ్వరే కింద నిలబడి దాన్ని అందించింది.

మర్నాడు పొద్దున వెంకటరావమ్మ పడుగుకు గంజి పెట్టడం ముగించి లోపలికి వచ్చింది. పిల్ల బడికి జడ వేసుకుంటోంది. కిటికీలో రేడియో ఉంది. ఆవిడ దాని ముందు కాసేపు నిలబడింది.

"ఏమేవ్, పాట వచ్చే వేళే గదా. నేనొకసారి ముట్టుకోనా?"

చౌడేశ్వరి జడ వదిలి, ఆవిడ చేతుల వైపు చూసింది.

"తుడుచుకునిరా నానమ్మా. గంజి చేతులు."

వెంకటరావమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.